మూగబోయిన గోపురం: 'సోల్ రీవర్' వీడియో గేమ్‌లో శిల్పమూ దృక్పథమూ

1

సాహిత్య విమర్శ పత్రికలో వీడియో గేమ్ గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. ఒకప్పుడు నవలను చూసి పండితులు ఇలాగే ముఖం చిట్లించారు. సినిమాను చూసి నవలాకారులు చిట్లించారు. ఒక కళారూపం లక్షలాదిమంది యువకుల ఊహాప్రపంచాన్ని గంటల తరబడి ఆక్రమిస్తున్నప్పుడు దాన్ని చూడనట్టు నటించడం అభ్యుదయ విమర్శకు శోభించదు. అలాగే ఒక్క మాటతో 'సామ్రాజ్యవాద విషసంస్కృతి' అని ముద్ర వేసి పక్కకు నెట్టడం కూడా విమర్శ కాదు. ముద్ర వెయ్యడానికి వస్తువును పరిశీలించనక్కరలేదు, విమర్శించడానికి పరిశీలించాలి. అందులో ఏముంది, ఎలా చెప్పారు, ఎవరి పక్షాన నిలబడి చెప్పారు అన్న మూడు ప్రశ్నలూ కథకూ నాటకానికీ ఎలా వర్తిస్తాయో ఆటకూ అలాగే వర్తిస్తాయి.

నేను పరిశీలనకు తీసుకున్నది 'లెగసీ ఆఫ్ కేయిన్: సోల్ రీవర్'. అమెరికాకు చెందిన క్రిస్టల్ డైనమిక్స్ సంస్థ తయారుచెయ్యగా ఐడోస్ సంస్థ 1999లో ప్లేస్టేషన్ మీదా కంప్యూటర్ల మీదా విడుదల చేసింది. దర్శకురాలు ఏమీ హెనిగ్. ఇరవై అయిదేళ్ల తర్వాత, 2024 డిసెంబరులో, ఇది రెండవ భాగంతో కలిసి కొత్త హంగులతో మళ్లీ వెలువడింది. చీకటి ఛాయల అభూత కల్పనకు సాహసయాత్రనూ పోరాటాన్నీ జోడించిన ఆటల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువని నా అభిప్రాయం. నాకెంతో ఇష్టమైన ఆట ఇది. ఇష్టం లేనిదాన్ని తిట్టడం సులువు. ఇష్టమైనదానిలోని లోపం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడంలోనే విమర్శకు పని ఉంటుంది.

2

ముందు ఇతివృత్తం క్లుప్తంగా చెప్పుకుందాం. నోస్‌గోత్ అనే కల్పిత దేశం. దాని ప్రాణశక్తి తొమ్మిది స్తంభాలతో ముడిపడి ఉంది. ఒక్కో స్తంభానికి ఒక్కో సంరక్షకుడు. సమతూకపు స్తంభానికి సంరక్షకుడు కేయిన్. అతడు హత్యకు గురై రక్తపిశాచంగా లేస్తాడు. 1996లో వచ్చిన మొదటి ఆట 'బ్లడ్ ఓమెన్' చివర అతని ముందు రెండు దారులుంటాయి. తన ప్రాణం అర్పిస్తే స్తంభాలు బాగుపడతాయి, దేశం బతుకుతుంది, కాని పిశాచజాతి అంతరిస్తుంది. అర్పించకపోతే దేశం కుళ్లుతుంది, తాను ఏలవచ్చు. ఆ ఆటలో ఎంపిక ఆడేవాడిదే. 'సోల్ రీవర్' మాత్రం అతను ఏలడానికే సిద్ధపడ్డాడని తీసుకుని మొదలవుతుంది. కూలిపోయిన స్తంభాల నడుమనే సింహాసనం వేసుకుని, సరాఫన్ వీరుల శవాలను లేపి ఆరుగురు సేనానులను సృష్టించుకుని, వాళ్ల వంశాల సాయంతో మనుషుల్ని అణచి సామ్రాజ్యం నిర్మిస్తాడు.

ఆ ఆరుగురిలో పెద్దవాడు రజియెల్. వెయ్యేళ్లు ప్రభువును కొలిచాడు. పిశాచాలు కాలక్రమాన మారుతుంటాయి. ఏ మార్పు వచ్చినా ముందు ప్రభువుకు వచ్చి, తర్వాతే కొడుకులకు రావాలి. రజియెల్‌కు మాత్రం ప్రభువుకంటే ముందు రెక్కలు మొలుస్తాయి. కేయిన్ ఆ రెక్కల ఎముకలను చేత్తో పెరికివేసి, అతణ్ణి మృతుల సరస్సులో తోయిస్తాడు. పిశాచానికి నీరు నిప్పులాంటిది. కాలి కరిగి అడుగుకు చేరిన రజియెల్‌ను అక్కడున్న ఒక ప్రాచీన దైవం మళ్లీ లేపుతుంది. ఇప్పుడతనికి కింది దవడ లేదు; నెత్తురు తాగలేడు, ఆత్మలను మింగి బతకాలి. తన వంశపు చిరిగిన జెండా గుడ్డతో ముఖం కప్పుకుని పగ తీర్చుకోవడానికి బయలుదేరతాడు. అప్పటికి ఎన్నో శతాబ్దాలు గడిచాయి. సామ్రాజ్యం శిథిలమయింది. తమ్ముళ్లు వికృత జంతువులయ్యారు. ఒక్కొక్కణ్ణీ చంపి, వాడి శక్తిని తనలో కలుపుకుంటూ రజియెల్ కేయిన్ దాకా వెళ్లడమే కథ.

పేర్లలో ఉన్న ధ్వనిని గమనించాలి. తెలుగు బైబిల్లో కయీను తమ్ముణ్ణి చంపిన మొదటి హంతకుడు. ఇక్కడ కేయిన్ అనే పేరున్నవాడు కొడుకును అగాధంలో తోస్తాడు. ఆ కొడుకు తమ్ముళ్లందరినీ చంపుతాడు. పాపం పేరు తండ్రిది, చేత కొడుకుది. పాలకుడి నేరం పాలితుడి చేతుల్లోకి ఎలా దిగుతుందో ఈ ఒక్క ఏర్పాటు చెబుతుంది.

3

ఇక శిల్పం. ఆట అనే రూపానికి సొంతమైన శిల్పమేమిటన్నది అసలు ప్రశ్న. అందమైన బొమ్మలూ సంభాషణలూ సినిమాకూ ఉన్నాయి. ఆటకు మాత్రమే ఉన్నది చెయ్యి. పాఠకుడు చదువుతాడు, ప్రేక్షకుడు చూస్తాడు, ఆడేవాడు చేస్తాడు. అతని చేత ఏ పని చేయించారు, ఎన్నిసార్లు చేయించారు, ఆ పనికీ ఇతివృత్తానికీ సంబంధమేమిటి అని చూస్తే ఆట శిల్పం బోధపడుతుంది.

'సోల్ రీవర్'లో ఆ సంబంధం గొప్పగా కుదిరింది. రెండు లోకాలున్నాయి: భౌతిక లోకం, ప్రేతలోకం. రజియెల్ భౌతిక లోకంలో దెబ్బతింటే చావడు, ప్రేతలోకంలోకి జారిపోతాడు. మామూలు ఆటల్లో చావు అంటే ఓటమి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవడం. ఇక్కడ చావు ఇంకో స్థలం. ఆ లోకంలో గోడలు వంగుతాయి, స్తంభాలు మెలికలు తిరుగుతాయి, అందని అంచు అందుతుంది. కాని అక్కడ తలుపు తియ్యలేడు, వస్తువు కదపలేడు. చూడగలడు, తిరగగలడు, మార్చలేడు. మార్చాలంటే శక్తి నింపుకుని, నిర్ణీత స్థలానికి వెళ్లి, మళ్లీ శరీరం ధరించాలి. ప్రపంచాన్ని మార్చడానికి శరీరం కావాలన్న భౌతికవాద సత్యాన్ని ఒక పిశాచాల ఆట ఉపన్యాసం లేకుండా చేతితో చేయించి చెప్పడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

రెండవది ఆకలి. శరీరంలో ఉన్నంతసేపూ రజియెల్ శక్తి కరిగిపోతుంటుంది. నిలబడాలంటే చంపిన ప్రతివాడి ఆత్మనూ పీల్చుకోవాలి. కేయిన్ నెత్తురు తాగాడని అతనిమీద కత్తి ఎత్తినవాడు తాను ఆత్మలు తాగుతున్నాడు. ఈ వైరుధ్యాన్ని ఏ పాత్రా ఎత్తిచూపనక్కరలేదు. ప్రతి రెండు నిమిషాలకూ ఆడేవాడు తానే మీట నొక్కి ఆత్మను పీలుస్తాడు. పదిసార్లయ్యాక ఆ చప్పుడు అతనికి అలవాటవుతుంది. ఆ అలవాటే పాత్ర చిత్రణ. పీడకుణ్ణి ద్వేషించేవాడు పీడకుడి పద్ధతులతోనే బతకవలసి రావడమనే విషాదాన్ని కథకుడు వర్ణించలేదు, మన వేళ్లకు నేర్పాడు.

మూడవది శత్రువుల చావు. కత్తితో ఎంత నరికినా పిశాచం చావదు, కాసేపటికి లేస్తుంది. బల్లెం గుచ్చాలి, లేదా నిప్పులోనో నీటిలోనో ఎండలోనో వెయ్యాలి. అంటే చుట్టూ ఉన్న స్థలాన్ని చదవకుండా పోరాటం సాగదు. నాలుగవది స్థలాల కూర్పు. ఆ రోజుల ఆటల్లో ఒక గదినుంచి ఇంకో గదికి పోయేటప్పుడు తెర ఆగిపోయేది. ఇందులో డిస్కునుంచి సమాచారాన్ని ముందుగానే అందుకుంటూ ప్రపంచాన్ని తెగకుండా నడిపారు. దానివల్ల శిథిల సామ్రాజ్యం ఒకే దేహంగా కనిపిస్తుంది. కర్ట్ హార్లండ్ సంగీతం పోరు, ప్రమాదం, నిశ్శబ్దం మధ్య పరిస్థితినిబట్టి మారుతుంది. మైకేల్ బెల్ రజియెల్‌కూ, సైమన్ టెంపుల్‌మన్ కేయిన్‌కూ, టోనీ జే ప్రాచీన దైవానికీ ఇచ్చిన గొంతుల్లో రంగస్థలపు గాంభీర్యం ఉంది. సంభాషణల భాష గ్రాంథికానికి దగ్గరగా ఉండి కూడా వెగటు పుట్టించదు. ఔచిత్యం తప్పలేదు కనక.

ఇన్ని గుణాలున్న రచన కనకనే లోపాలు చిన్న విషయం కాదు.

4

తేలికగా కనిపించే లోపాలతో మొదలుపెడదాం. పెద్ద రాతి దిమ్మెలను తోసి, తిప్పి, ఒకదానిమీదొకటి పెట్టి దారి తెరిచే చిక్కుముడులు ఆట నిండా ఉన్నాయి. మొదటి రెండూ ఆలోచింపచేస్తాయి. ఏడవది, ఎనిమిదవది వచ్చేసరికి పని మిగులుతుంది, ఆలోచన మిగలదు. ఆత్మలు పీల్చడం కూడా పునరావృత్తే, కాని అది పాత్రలోకి దింపుతుంది. రాళ్లు తొయ్యడం పాత్రనుంచి బయటికి లాగుతుంది. వెయ్యేళ్ల సేనాని పగతో రగులుతూ అరగంటసేపు రాళ్లు సర్దడంలో ఔచిత్యభంగం ఉంది. 1999 నాటి కూర్పులో పటం లేదు. ఇంత పెద్ద ప్రపంచంలో తర్వాత ఎటు వెళ్లాలో తెలియక తిరిగిన దారినే తిరగాలి. 2024 కూర్పులో పటమూ దిక్సూచీ చేర్చడం ఆ లోపాన్ని అంగీకరించడమే.

రెండవ లోపం ముగింపు. ఆరుగురిలో రజియెల్ పోగా అయిదుగురు తమ్ముళ్లుండాలి. మెల్కయా, జెఫాన్, రహాబ్, డూమా, ఈ నలుగురే ఎదురవుతారు. ట్యూరెల్ అనేవాణ్ణి ఆరంభంలో చూపించి తర్వాత మరిచిపోయారు. చివర కేయిన్ కాలయంత్రం తెరిచి గతంలోకి పారిపోతాడు, రజియెల్ వెంటపడతాడు, ఆట ఆగిపోతుంది. మిగతాది తరువాయి భాగంలో చూసుకోమన్నమాట. ఇది శిల్పపరమైన నిర్ణయం కాదు. ముందు రాసుకున్న ప్రణాళికలో రజియెల్ ట్యూరెల్‌నూ కేయిన్‌నూ చంపి, పిశాచజాతినే తుడిచిపెట్టవలసి ఉంది. విడుదల గడువు ముంచుకురావడంతో కథను సగంలో కత్తిరించారు. వదిలేసిన స్థలాలు కొన్నిటిని 2024 కూర్పులో అసంపూర్తిగానే అనుబంధంగా చేర్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. కథకు ముగింపు ఎక్కడ రావాలో కథకుడు నిర్ణయించకుండా బజారు నిర్ణయించింది. నోస్‌గోత్ ప్రపంచాన్ని మొదట ఊహించింది కెనడాకు చెందిన సిలికాన్ నైట్స్ సంస్థ. రెండవ ఆట తయారయ్యే రోజుల్లోనే ఆ ప్రపంచం ఎవరి ఆస్తి అన్న తగవు కోర్టుకెక్కి, చివరికి రాజీతో ముగిసింది. పదులమంది బొమ్మలు గీసి, రాసి, గొంతునిచ్చి, సంకేతాలు కూర్చి చేసిన సమష్టి సృష్టి ఇది. దానిమీద హక్కు మాత్రం కంపెనీది. కల్పనాలోకం కూడా భూమిలాగే పట్టాకెక్కే కాలంలో ఈ ఆట పుట్టిందని మరిచిపోతే దాని లోపాలను కళాకారుల చేతకానితనంగా అపార్థం చేసుకుంటాం.

అయితే అన్ని లోపాలనూ గడువుమీదకు నెట్టలేం. గడువు ముగింపును కత్తిరించగలదు. దృక్పథాన్ని కత్తిరించలేదు.

5

అసలు లోపం ఇది: ఈ ఆటలో జనం లేరు.

రక్తపిశాచం అనే కల్పనకు ఒక చరిత్ర ఉంది. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో, 1867లోనే, సజీవ శ్రమను పీల్చి బతికే పెట్టుబడికి ఈ పోలికను వాడాడు. బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' 1897లో వచ్చింది. ఇటలీ విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టి 1983లో వెలువడిన తన గ్రంథంలో ఆ నవలను పెట్టుబడి భయంగా వ్యాఖ్యానించాడు. 'సోల్ రీవర్' ఈ సంప్రదాయాన్ని ఒక అడుగు ముందుకు తీసుకుపోయింది. ఇందులో పిశాచం ఒంటరి ప్రభువు కాదు, ఒక రాజ్యవ్యవస్థ. వంశాలున్నాయి, సామంతులున్నారు, పంచుకున్న భూభాగాలున్నాయి. ఆ వ్యవస్థ కుళ్లిన తీరు కూడా చక్కగా చూపారు. చిట్టచివర లేచిన మెల్కయాకు ప్రభువు శక్తిలో అందరికంటే తక్కువ పాలు దక్కింది. వాడి ఒళ్లు కుళ్లిపోతుంటే పరాయివాళ్ల చర్మం కప్పుకుని బతుకుతాడు. జెఫాన్ కదలలేని కీటకంలా తానున్న భవనంతో కలిసిపోయాడు. పీల్చడం తప్ప సృష్టించడం తెలియని వర్గం చివరికి మనిషి ఆకారాన్ని కూడా నిలుపుకోలేదని ఇంతకంటే బలంగా చూపిన దృశ్యకల్పన నాకు తెలియదు.

మరి వీళ్లు వెయ్యేళ్లు ఎవరి నెత్తురు తాగారు? మనుషులది. ఆ మనుషులెక్కడ? నీటి మధ్య కోట కట్టుకుని కొందరు మిగిలారు. వాళ్లలో ఒక్కరికీ పేరు లేదు. రజియెల్ హింసించకపోతే అతని ముందు మోకరిల్లుతారు, హింసిస్తే ఆయుధం ఎత్తుతారు. ఆడేవాడు ఏ దారి తొక్కినా కథ మారదు. మొక్కడం, తిరగబడటం అనే రెండు భంగిమలు తప్ప జనానికి ఈ కథలో వేరే బతుకు లేదు. పేరూ గొంతూ ఉన్న మానవస్త్రీ ఒక్కతే, ఏరియెల్. ఆమె కూడా ఎప్పుడో చచ్చి స్తంభాలకు బందీ అయిన ఆత్మ. విముక్తి కోసం ఎదురుచూడటమే ఆమె పని.

ఇది రచయితలు జనాన్ని ఊహించలేకపోవడంవల్ల జరిగింది కాదు. ఊహించారు. అందుకు రెండు సాక్ష్యాలు ఆటలోనే ఉన్నాయి. ఆ రెంటినీ ఏం చేశారో చూడాలి.

మొదటి సాక్ష్యం డూమా. తమ్ముళ్లలో బలానికి పేరుపడ్డవాడు. రజియెల్ వాడి పాడుబడ్డ నగరానికి చేరేసరికి డూమా సింహాసనం మీదే చచ్చి ఉన్నాడు, గొలుసులతో కట్టి బల్లేలతో గుచ్చి. చంపింది మనుషులు. పిశాచవేటగాళ్లు దండెత్తి, వంశాన్ని చెదరగొట్టి, నాయకుణ్ణి తన గద్దెమీదే మేకుల్లా దిగగొట్టారు. సామ్రాజ్యంలో ఒక సామంతరాజ్యాన్ని జనం తమ చేతులతో కూల్చారు. ఏ దైవమూ లేపలేదు, ఏ వీరుడూ రాలేదు. ఇంత పెద్ద సంఘటన ఆటలో గతవృత్తాంతంగా ఒకటి రెండు మాటల్లో దొర్లిపోతుంది. తర్వాత రజియెల్ ఏం చేస్తాడు? బల్లేలు పెరికి డూమాను బతికిస్తాడు. ఎందుకంటే వాడి శక్తి తనకు కావాలి. వాణ్ణి తానే చంపాలి. ఆ తర్వాత వాణ్ణి పెద్ద కొలిమిలోకి లాగి కాలుస్తాడు. జనం సాధించిన విజయాన్ని రద్దుచేసి వీరుడు తన ఖాతాలో రాసుకున్నాడన్నమాట. ఆటలో ఎవరూ దీన్ని ప్రశ్నించరు. ఆడేవాడికి కొత్త శక్తి బహుమానంగా వస్తుంది కనక అతనికీ ప్రశ్న తోచదు. ఆకలి విషయంలో అంత నిశితంగా పనిచేసిన శిల్పం ఇక్కడ నిద్రపోయింది.

రెండవ సాక్ష్యం మూగ కెథడ్రల్. ఆటలోకెల్లా ఉదాత్తమైన కల్పన ఇది. మనుషులు పిశాచాలమీద పోరాడటానికి ఒక మహాభవనం కట్టారు. అది గుడి మాత్రమే కాదు, వాద్యం. గోపురమంతా బృహత్తరమైన గొట్టాలు. అందులోకి గాలి ఊదితే పుట్టే ధ్వని ఆ చుట్టుపక్కల పిశాచాలను చంపాలి. కత్తి కాదు, వీరుడు కాదు, వేలమంది చేతులు కట్టిన పాట ఆయుధం. అది మోగకముందే పిశాచాలు దాన్ని పట్టుకున్నాయి, కట్టినవాళ్లను చంపాయి. జెఫాన్ వంశం అందులో గూళ్లు పెట్టింది. పాట ఆగిపోయింది.

రచయితలుగా ఒక్కసారి ఆలోచించండి. ఇటువంటి ప్రతీక చేతికి చిక్కితే ఎవరైనా ఏం చేస్తారు? కథ చివర దాన్ని మోగిస్తారు. హెనిగ్ బృందం ముందు వేసుకున్న ప్రణాళికలో నిజంగానే ఆ గొట్టాలు మోగవలసి ఉంది. ఆ ధ్వనితోనే మిగిలిన పిశాచాలు అంతరించవలసి ఉంది. గడువు దాన్ని మింగేసింది. విడుదలయిన ఆటలో కెథడ్రల్ మనం ఎక్కి దూకి దాటే స్థలంగా మిగిలింది. ప్రజల పాట ఆటగాడికి మెట్లయింది.

అయితే కత్తిరించకుండా ఉంటే లోపం తీరేదా? తీరేది కాదని నా వాదన. ఆ ప్రణాళికలో కూడా గొట్టాలు మోగించేవాడు రజియెల్. కట్టినవాళ్ల వారసులు కోటలో మోకరిల్లి ఉంటారు, మోగించేవాడు మాజీ సేనాని. బజారు ముగింపును పాడుచేసింది, నిజమే. కాని ఎవరి చేత మోగించాలన్న నిర్ణయం బజారుకంటే ముందే జరిగింది.

6

జనం లేని చోట చరిత్ర ఉండదు. చరిత్ర లేని చోట విధి వచ్చి కూర్చుంటుంది. ఈ కథామాలికలో అక్షరాలా అదే జరిగింది.

సరాఫన్ సమాధిలో రజియెల్‌కు ఒక నిజం తెలుస్తుంది. తానూ తమ్ముళ్లూ ఒకప్పుడు పిశాచాలను వేటాడిన సరాఫన్ వీరులు. కేయిన్ శత్రువుల శవాలనే లేపి కొడుకులుగా చేసుకున్నాడు. ఈ ఘట్టం నాటకీయతలో సాటిలేనిది. కాని రజియెల్ దీన్నుంచి తీసిన అర్థం ఏమిటి? తాము పవిత్రులమనీ, కేయిన్ అపవిత్రం చేశాడనీ. పతనానికి ముందు స్వర్ణయుగం ఉందనే పాత భ్రమ ఇది. 2001లో వచ్చిన 'సోల్ రీవర్ 2' ఈ భ్రమను నిర్దాక్షిణ్యంగా బద్దలుకొట్టింది. గతంలోకి వెళ్లిన రజియెల్ సరాఫన్‌లను ధర్మం పేరిట హత్యలు చేసే మూకగా చూస్తాడు. మనిషిగా ఉన్న తనను తానే చంపుతాడు. మొదటి భాగపు లోపాన్ని రెండవ భాగం సరిదిద్దిన అరుదైన సందర్భమిది. హెనిగ్ ప్రతిభకు ఇదే నిదర్శనం.

కాని సరిదిద్దిన చోటే ఇంకో గుంట తవ్వారు. స్వర్ణయుగం లేదు సరే; మరి ముందుకు దారి ఉందా? కథ చెప్పే జవాబు: కాలం ఒక వలయం, ఎవరు ఏం చేసినా అది ముందే జరిగి ఉంది. కేయిన్ నాణెం ఎగరేసి, వేలసార్లలో ఒకసారి అది అంచుమీద నిలబడవచ్చని చెబుతాడు. వాళ్ల స్వేచ్ఛ అంతా ఆ అంచే. 2003లో వచ్చిన 'డిఫయన్స్'లో రజియెల్ తన ఆత్మను ఆ కత్తికే అర్పించుకుంటాడు. అప్పుడు కేయిన్ కళ్లకు, ఇంతకాలం దైవంగా మాట్లాడినది ఆత్మలను మేసే పరాన్నజీవి అని కనబడుతుంది. నెత్తురు తాగే ప్రభువును చంపమని పంపినవాడు ఆత్మలు తాగే దేవుడు. రాజ్యమూ మతమూ ఒకే ఆకలికి రెండు నోళ్లని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. ఈ చూపు ఉన్నవాళ్లు నియతివాదం దగ్గర ఆగిపోవడం విచారకరం. పీడన యంత్రాంగాన్ని లోపలిదాకా చూశారు. దాన్ని ఎదిరించే శక్తిని మాత్రం నాణెం అంచుమీద, అంటే యాదృచ్ఛికంలో, వెతికారు. గొట్టాల గోపురం కట్టిన చేతులవైపు మళ్లీ చూడలేదు.

'వినోదం కోసం చేసిన ఆటనుంచి ఇంత ఆశించడం అన్యాయం కాదా?' అని అడగవచ్చు. ఆట తనంతట తాను ఆశ పుట్టించకపోతే అన్యాయమే. పిశాచాలను నరకడమే పనిగా పెట్టుకున్న నూరు ఆటలను ఎవరూ ఈ ప్రశ్న అడగరు. 'సోల్ రీవర్' సామ్రాజ్యం ఎలా పుట్టిందో, ఎలా కుళ్లిందో, దాని నేరంలో కొడుకులకున్న పాలెంతో చెప్పడానికి పూనుకుంది. పూనుకున్న పనినిబట్టే కొలవాలి. ఇంకొకరు, 'ఇది వీరగాథ, వీరగాథలో జనం నేపథ్యంగానే ఉంటారు' అనవచ్చు. రూపం పేరు చెప్పి దృక్పథాన్ని వెనకేసుకురావడం మనకు కొత్త కాదు. రాజుల కథల్లో రైతులెందుకు లేరంటే కావ్యలక్షణం అన్నవాళ్లు మన సాహిత్యంలోనూ ఉన్నారు. పైగా ఈ ఆట రూపం అందుకు అడ్డు చెప్పదు. ప్రేతలోకంలో గోడలు వంగినంత సులువుగా కోటలోని మనుషుల్లో ఒకరికి పేరు పెట్టవచ్చు. డూమా గద్దె దగ్గర వేటగాణ్ణి ఒకణ్ణి నిలబెట్టి, ఎందుకు బతికిస్తున్నావని రజియెల్‌ను అడిగించవచ్చు. ఆ ఒక్క ప్రశ్నతో మిగతా ఆటంతా వేరే అర్థం తెచ్చుకునేది.

7

ఈ చర్చవల్ల మన రచయితలకూ విద్యార్థులకూ ఒరిగేదేమిటి? రెండు సంగతులు చెప్పి ముగిస్తాను.

ఒకటి, వస్తువుకూ రూపానికీ ఉన్న సంబంధం గురించి మనం తరగతి గదుల్లో చాలా మాట్లాడుకుంటాం. ఆ సంబంధం కుదిరితే ఎలా ఉంటుందో, తప్పితే ఎలా ఉంటుందో ఒకే రచనలో పక్కపక్కన చూడాలంటే 'సోల్ రీవర్' మంచి పాఠం. ఆత్మ పీల్చే మీట దగ్గర కుదిరింది, డూమా గద్దె దగ్గర తప్పింది. రెండు చోట్లా పనిచేసింది ఒకే బృందం, ఒకే నైపుణ్యం. తేడా నైపుణ్యంలో లేదు. మొదటిచోట వాళ్లు ఆ చేత గురించి ఆలోచించారు. రెండవచోట ఆ చేత ఎవరిమీద పడుతుందో ఆలోచించలేదు.

రెండు, పాలకుల కుళ్లును ఎంత భయంకరంగా చిత్రించినా అంతమాత్రాన రచన ప్రగతిశీలం కాదు. మనలో చాలామంది ఈ భ్రమలో ఉన్నాం. భూస్వామి క్రూరత్వాన్ని పేజీలకు పేజీలు వర్ణించి, ఊరి జనాన్ని ఏడ్చే గుంపుగా చూపి, చివర ఒక వీరుణ్ణి దించే కథలు మనం ఇప్పటికీ రాస్తున్నాం, అచ్చు వేస్తున్నాం. వాటికీ నోస్‌గోత్‌కూ నిర్మాణంలో తేడా లేదు. పీడకుణ్ణి చూసి భయమూ అసహ్యమూ పుట్టిన పాఠకుడికి ఎదిరించే మనుషులు ఎక్కడా కనిపించకపోతే మిగిలేది నిరాశ. ఆ నిరాశ వ్యవస్థకు ప్రమాదకరం కాదు; వ్యవస్థ దాన్ని తరువాయి భాగంగా మళ్లీ అమ్ముకుంటుంది.

ఈ ఆటను మన విద్యార్థులు ఆడితే వద్దని నేను చెప్పను. ఆడండి, శిల్పం నేర్చుకోండి. డూమా బల్లేలు పెరికేటప్పుడు మాత్రం మీట నొక్కే ముందు, వాటిని గుచ్చినవాళ్లెవరో, వాళ్ల పేర్లేమిటో, ఆ రాత్రి ఆ నగరంలో ఏం జరిగిందో ఊహించండి. ఆట చెప్పకుండా వదిలేసిన ఆ కథను రాయవలసినవాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలోనే ఉన్నారని నా నమ్మకం.